మూడో రౌండులో తెలిసే ధైర్యం

ధైర్యం పుట్టుకతోనే రావాలన్న నమ్మకం మన ఇళ్లలో చాలామంది పిల్లల కాళ్లకు బంధం వేసింది. కె.గంగవరం మండలంలో ఏ ఊరు వెళ్లినా ఈ మాట వినపడుతుంది: "మావోడికి బెరుకెక్కువండీ, మిలట్రీకేం పనికొస్తాడు?" పిల్లాడు పక్కనే నిలబడి వింటూ ఉంటాడు. అలా వింటూ పెరిగినవాడు సైన్యానికే కాదు, నలుగురిలో నోరు విప్పాల్సిన ఏ పనికీ ముందుకు రాడు.

మన వైపు యుద్ధం సంగతి తెలిసింది తక్కువ. 1928లో వేసిన కాకినాడ–కోటిపల్లి రైలు పట్టాలను రెండో ప్రపంచ యుద్ధం అవసరాలకని 1940లో పీకి పట్టుకుపోయారు. ఆ దారిలో మళ్లీ రైలు కూత వినడానికి 2004 దాకా ఆగాల్సి వచ్చింది. యుద్ధం అలా మన గడప తొక్కినా సరిహద్దు మనకు చాలా దూరం. అందుకే సిపాయి అనగానే భయమన్నదే ఎరగని సినిమా హీరో కళ్ల ముందు మెదులుతాడు. గోదావరికి అవతల, తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరంలో అలా కాదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఊరి నుంచి 90 మంది, రెండో దానికి వెయ్యిమందికి పైగా వెళ్లారు. ఆ ఊరి నీళ్లలో మహత్తేమీ లేదు. తాతయ్య, బాబాయి, పక్కింటి అన్నయ్య వెళ్లిరావడం చూసిన పిల్లాడికి తానూ వెళ్లగలనన్న ఊహ ముందే కలుగుతుంది, అంతే.

అగ్నివీర్ ర్యాలీకి తయారయ్యే కుర్రాళ్లు తెల్లవారుజామున కాలువ గట్ల మీద పరుగెత్తుతుంటే ఒకసారి ఆగి చూడండి. ర్యాలీలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తే 60 మార్కులు, 10 పులప్స్ తీస్తే 40. 400 మీటర్ల ట్రాకైతే నాలుగు రౌండ్లు. మొదటి రౌండులో అందరూ గుర్రాలే. రెండోదానికి ఊపిరి బరువవుతుంది. మూడో రౌండులో డొక్కలో నొప్పి పొడుచుకొస్తుంది, నోరు ఎండిపోతుంది, ఇక చాలన్న మాట లోపలి నుంచి వినపడుతుంది. చూసే జనం చప్పట్లు కొట్టేది నాలుగో రౌండులో. కానీ కుర్రాడి సంగతి తేలేది మూడోదానిలోనే. అక్కడ పక్కన ఒకడు "రారా, నాతో రా" అంటే కాళ్లు కదులుతాయి. ఒంటరిగా ఆగిపోయేవాడే జతలో పూర్తి చేయడం ఈ గట్ల మీదే చూడొచ్చు.

సైన్యం చేసేదీ ఇదే, ఇంకాస్త కఠినంగా. 1758 నాటి మద్రాస్ రెజిమెంట్‌కు ఎంపికైన కుర్రాడు నీలగిరుల్లోని వెల్లింగ్టన్ చేరతాడు. ఎముకలు కొరికే చలి, అర్థం కాని హిందీ, క్షణం తీరిక ఇవ్వని ఉస్తాదులు. ఒకడు తప్పు చేస్తే స్క్వాడ్ మొత్తానికి రగడా, అంటే ఒళ్లు హూనమయ్యే శిక్ష. కాల్పుల మధ్యలో రైఫిల్ మొరాయిస్తే ఏం చేయాలో చేతులకు వాటంతటవే తెలిసేదాకా మళ్లీ మళ్లీ చేయిస్తారు. భయంతో బుర్ర పనిచేయని క్షణం ఒకటి వస్తుందని సైన్యానికి తెలుసు. ఆ క్షణం కోసమే ఇదంతా. "భయపడకు" అని ఉపదేశం చేసి వదిలేయకుండా, భయంలోనూ చేయగలిగే పనిని ముందే చేతికి నేర్పుతుంది. పెంపకంలో మనం వదిలేస్తున్నది సరిగ్గా ఇదే.

పక్కవాడి కోసం కాళ్లు కదలడం యుద్ధంలోనూ అంతే. 1999 కార్గిల్ యుద్ధంలో టైగర్ హిల్ ఎక్కిన 18 గ్రెనేడియర్స్ జవాను యోగేంద్ర సింగ్ యాదవ్‌కు అప్పుడు 19 ఏళ్లు. ఒంటినిండా తూటాలు దిగాయి. చనిపోయినట్టు కదలకుండా పడి ఉండగా, కింద ఉన్న తమవాళ్ల మీద దాడి చేయబోతున్నారన్న శత్రువుల మాటలు చెవిన పడ్డాయి. ఆ కబురు అందించాలన్న పట్టుదలే తనను కిందికి చేర్చిందని ఆయనే ఎన్నో సభల్లో చెప్పారు. పరమవీర చక్ర అందుకున్న మనిషి మాట అది.

అదే యుద్ధంలో హైదరాబాద్ వాసి మేజర్ పద్మపాణి ఆచార్య, 2 రాజ్‌పుతానా రైఫిల్స్ కంపెనీ కమాండర్. 30 ఏళ్లు నిండి వారమే అయింది. జూన్ 28న శత్రు స్థావరంపై దాడిలో తీవ్రంగా గాయపడి కదలలేని స్థితిలో, తనను వదిలి ముందుకెళ్లమని జవాన్లను ఆదేశించి, తాను కాల్పులు ఆపలేదు. వాళ్లు ఆ స్థావరాన్ని గెలిచారు. ఆయన మిగల్లేదు. మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. అంతకు కొద్ది రోజుల ముందు తండ్రికి రాసిన ఉత్తరంలో, గర్భవతి అయిన భార్యకు రోజుకో మహాభారత కథ చెప్పమని కోరారు. గుండె బండబారిన మనిషి అలాంటి ఉత్తరం రాయలేడు. ప్రేమ తగ్గించుకుంటేనే ధైర్యం వస్తుందనుకునేవాళ్లకు ఆ ఉత్తరం చదివి వినిపించాలి.

బెరుకున్న కుర్రాడికి ఇంట్లోవాళ్లు చేయగలిగినది ఉంది. మోయగలిగినంత బరువు అప్పజెప్పండి: బ్యాంకు పని, ధాన్యం కాటా దగ్గర లెక్క, పెళ్లింట్లో వడ్డన బాధ్యత. తడబడితే పక్కన నిలబడండి, కానీ పని మాత్రం చేతిలోంచి లాక్కోకండి. వారం తర్వాత ఇంకొంచెం పెంచండి.

2023 జనవరిలో శిక్షణ మొదలుపెట్టిన తొలి అగ్నివీర్ల నాలుగేళ్ల గడువు దగ్గరపడింది. వాళ్లలో సైన్యం ఉంచుకునేది నాలుగో వంతు వరకే. మిగతావాళ్లు ఊళ్లకు వచ్చేస్తారు. అలా వచ్చినవాడిని మన పంచాయతీలు శాలువా కప్పి పంపేయకూడదు. హైస్కూలు మైదానంలో పిల్లల మధ్య కూర్చోబెట్టాలి. "ఎంతమందిని కాల్చావన్నా?" అని కాదు, "ఎప్పుడు భయపడ్డావన్నా, అప్పుడేం చేశావు?" అని పిల్లలు అడగాలి. అతను దాచుకోకుండా చెప్పాలి.