పట్టుపురుగుల పెంపకపు గదులలో ఊజి ఈగ నివారణ: ఎర పళ్లేల వినియోగం

ధర్మవరం మగ్గంపై పడుగుగా సాగే పట్టుపోగుకు మొదలు ఒక పురుగు నోటి నుంచి తెగకుండా వెలువడిన దారం. ద్విసంతతి రకపు మంచి గూటిలో ఈ దారం రమారమి వెయ్యి మీటర్ల పొడవు ఉంటుంది. గూటికి ఒక చివర చిన్న రంధ్రం పడినా దారం వందల చోట్ల తెగిపోతుంది. అటువంటి గూడు రీలింగుకు పనికిరాదు. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టులో కొనుగోలుదారుడు రాశిలో చేయి పెట్టి మొదట వెదికేది ఇటువంటి గూళ్లకోసమే. నాలుగైదు కనబడితే ఆ రాశి మొత్తానికీ ధర తగ్గుతుంది. ఈ రంధ్రానికి సాధారణంగా కారణమయ్యేది ఊజి ఈగ.

ఊజి ఈగ శాస్త్రీయ నామం ఎక్సోరిస్టా బాంబిసిస్. దక్షిణ భారతానికి ఇది సహజమైన కీటకం కాదు. పశ్చిమ బెంగాల్ నుంచి తెచ్చిన పట్టుగూళ్లతోపాటు 1980లో కర్ణాటకలో ప్రవేశించి, అక్కడి నుంచి ఆంధ్రప్రదేశ్, తమిళనాడులకు వ్యాపించింది. గూళ్ల రవాణాయే దాని ప్రయాణ సాధనం అన్న సంగతి గుర్తుంచుకోవలసినది. హిందూపురం కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్నది. గూళ్లు, చంద్రికలు, సంచులు సరిహద్దుకు ఇరువైపులా నిత్యం తిరుగుతూనే ఉంటాయి. నివారణ చర్యలు లేనిచోట 10 నుంచి 20 శాతం వరకు పంట నష్టం సంభవిస్తుంది. వర్షాకాలంలో ఉధృతి మరింత ఎక్కువ.

వేరుశనగలోనో వరిలోనో అయితే పురుగు కనబడగానే రైతు మందు వైపు చూస్తాడు. ఇక్కడ ఆ దారి మూసుకొని ఉన్నది. పెంచే పట్టుపురుగు కూడా కీటకమే కనుక ఈగను చంపే మందు దానినీ చంపుతుంది. పక్క పొలంలో చల్లిన మందు మల్బరీ ఆకుమీద పడినా పంట దక్కదు. అందువలన ఈ కీటకం విషయంలో ఎర అనేది మందుకు తోడుగా వాడే అదనపు సాధనం కాదు, ప్రధాన సాధనాలలో ఒకటి.

ఈగ జీవితచక్రం

ఇంటి ఈగకంటె ఊజి ఈగ పెద్దది. నలుపు కలిసిన బూడిద రంగులో ఉండి, వీపుపై నాలుగు నిలువు చారలు కలిగి ఉంటుంది. ఆడ ఈగ మూడు వందలకు పైగా గుడ్లు పెట్టగలదు. ఒక్కొక్క పట్టుపురుగు శరీరంపై ఒకటి లేక రెండు చొప్పున, ఆవగింజకంటె చిన్నవైన పాలతెలుపు గుడ్లను అంటిస్తుంది. రెండు మూడు రోజులలో గుడ్డు పగిలి, పిల్లపురుగు పట్టుపురుగు చర్మాన్ని తొలుచుకొని లోపలికి పోతుంది. ప్రవేశించిన చోట నల్లని మచ్చ ఏర్పడుతుంది. రైతు సాధారణంగా గుర్తించేది ఈ మచ్చనే, కాని అప్పటికే ఆ పురుగు చేయి దాటిపోయినట్లు. లోపల 5 నుంచి 8 రోజులు తిని పెరిగిన ఈగపురుగు బయటకు వచ్చి, నేల పగుళ్లలోకి, గోడ మూలలకు, చెత్త అడుగుకు పాకి కోశస్థ దశకు చేరుతుంది. మరి 10 నుంచి 12 రోజులకు ఈగ వెలువడుతుంది.

నాలుగవ దశలో గాని, ఐదవ దశ ఆరంభంలో గాని గుడ్డు పడిన పట్టుపురుగు గూడు కట్టకముందే చనిపోతుంది. ఐదవ దశ చివరలో పడితే గూడు కడుతుంది. ఆపై ఈగపురుగు ఆ గూటిని తొలుచుకొని బయటపడుతుంది. నష్టాన్ని ఒక చిన్న లెక్కతో ఊహించవచ్చు. మూడు వందల గుడ్లు పురుగుకు ఒకటి రెండు చొప్పున పడితే నూట యాభై నుంచి మూడు వందల పురుగులు పోతాయి. కిలోకు సుమారు ఆరు వందల గూళ్లు తూగుతాయనుకుంటే, కిటికీ సందులోనుంచి దూరిన ఒక్క ఆడ ఈగ పావు కిలో నుంచి అర కిలో వరకు గూళ్లను పాడుచేయగలదు.

ఎర పళ్లేల ఏర్పాటు

ఏ ఎర అయినా కీటకపు అలవాటుపై ఆధారపడి పనిచేస్తుంది. విదేశాలలో ఇంటి తోటలను బాధించే ఇయర్‌విగ్ పురుగు పగలు చీకటినీ తేమనూ వెదుకుతుంది కనుక, తడిపి చుట్టిన కాగితపు గొట్టం దానికి ఎర అవుతుంది. ఊజి ఈగ స్వభావం ఇందుకు విరుద్ధం. పగటివేళ, వెలుతురులో తిరిగే ఈ ఈగ గదిలోకి రావడానికీ, గదినుంచి పోవడానికీ కిటికీనే ఆశ్రయిస్తుంది. కనుక ఎరకు తగిన చోటు కిటికీ అడుగే. గది మధ్యలో, స్టాండ్ల కింద పెట్టిన పళ్లెం వలన ప్రయోజనం స్వల్పం.

ఊజి ట్రాప్ బిళ్లలను లీటరు నీటికి ఒకటి చొప్పున కరిగించి, ఆ ద్రావణాన్ని తెల్లని వెడల్పాటి పళ్లేలలో పోసి కిటికీల వద్ద లోపలా బయటా ఉంచాలి. ఆకర్షితమై వాలిన ఆడ, మగ ఈగలు రెండూ ద్రావణంలో పడి చనిపోతాయి. పెనుకొండ ప్రాంతపు ఎండకు పళ్లెం త్వరగా ఇంకిపోతుంది. రోజూ చూచుకొని, తగ్గినపుడు నింపుతూ, మురికి పట్టినపుడు మార్చాలి. ఇంటిలోనే పురుగులు పెంచే కుటుంబాలలో పిల్లలకు, కోళ్లకు, పశువులకు అందని ఎత్తులో ఉంచడం తప్పనిసరి.

పళ్లెం ఎక్కడ పెట్టాలన్నది రైతులు త్వరగానే గ్రహిస్తారు. ఎప్పుడు తీయాలన్న దగ్గరనే అసలు లోపం జరుగుతున్నది. చాకీ పురుగులు ఇంటికి వచ్చిన మూడవ దశలో పళ్లేలు పెట్టి, గూళ్లు విడిపించి మార్కెట్టుకు తీసుకొనిపోయిన రోజున కడిగి బోర్లిస్తారు. ఐదవ దశ మొదటి రోజున పడిన గుడ్డును లెక్కిద్దాం. గుడ్డు, పురుగు, కోశస్థ దశలు కలిపి 17 నుంచి 23 రోజులు. ఐదవ దశకు ఏడు రోజులు, గూడు కట్టి విడిపించేవరకు ఆరు రోజులు, మొత్తం పదమూడు. అంటే గూళ్లు అమ్ముడుపోయిన 4 నుంచి 10 రోజులకు అదే గదిలో ఈగ వెలువడుతుంది. ఐదవ దశ చివరలో పడిన గుడ్డునుంచి వచ్చే ఈగకు మరి ఐదారు రోజులు ఆలస్యం. సరిగా ఆ సమయానికే రైతు తరువాతి పంట చాకీని గదిలోకి తెస్తాడు. పళ్లేలను గూళ్లు విడిపించిన తరువాత ఇంచుమించు ఇరవై రోజులు కొనసాగించాలనడానికి కారణం ఇదే. ఖాళీ గదికి బిళ్లలు దండుగ అనుకోవడం సహజమే గాని, వచ్చే పంటకు పనికివచ్చే బిళ్లలు అవే.

పళ్లెంలో పడిన ఈగలను ప్రతి ఉదయం లెక్కించి గోడపై గీతలు గీసుకోవడం మేలు. బయటి పళ్లెంలో ఎక్కువ, లోపల తక్కువ పడుతుంటే వల సరిగా ఉన్నదని అర్థం. లోపలి పళ్లెంలో సంఖ్య పెరుగుతుంటే వలలో చిరుగో, తలుపు వద్ద సందో, నేలలో మిగిలిన కోశాలో ఉన్నవని తెలుసుకొని వెదకాలి.

ఎరకు తోడుగా

పళ్లెం ఒక్కటే పంటను కాపాడదు. తలుపులకు, కిటికీలకు నైలాన్ వల, వాకిలి ముందు వలతో కట్టిన చిన్న నడవ మొదటి రక్షణ. మట్టి నేల, పగిలిన గచ్చు ఉన్న గదిలో ఎన్ని పళ్లేలు పెట్టినా ఈగ లోపలే పుడుతుంది కనుక పగుళ్లు సిమెంటుతో పూడ్చాలి. రాలిన ఈగపురుగులను, కోశాలను ఏరి సబ్బునీటిలో వేసి చంపాలి. వాకిట్లోకి ఊడ్చివేస్తే పొరుగింటికి పంపినట్లే. కోశాలపై గుడ్లు పెట్టి వాటిని నశింపజేసే నెసోలింక్స్ థైమస్ అనే సూక్ష్మమైన పరాన్నజీవిని గూడు కట్టే సమయంలో చంద్రికల వద్ద, ఆపై చెత్తకుప్ప వద్ద విడుదల చేయవచ్చు. విడుదల మోతాదును స్థానిక పట్టు పరిశ్రమ శాఖ సిబ్బందితో గాని, హిందూపురం సమీపాన కిరికెరలోని రాష్ట్ర పట్టు పరిశోధన అభివృద్ధి సంస్థతో గాని సంప్రదించి నిర్ణయించుకోవాలి.

ఒక గ్రామంలో పదిమంది పది వేర్వేరు తేదీలలో చాకీ తెస్తే, ఒకరి గూళ్లలోనుంచి వచ్చిన ఈగకు మరొకరి గదిలో నాలుగవ దశ పురుగు సిద్ధంగా దొరుకుతుంది. బోరు నీటిమీద ఆధారపడిన తోటలలో ఆకు అందరికీ ఒకేసారి సిద్ధం కాదన్న మాట నిజమే. కాని వీధి వరకైనా మూడు నాలుగు రోజుల తేడాతో చాకీ తెచ్చుకొని, పంటల మధ్య అందరూ కలిసి పళ్లేలు కొనసాగించిన చోట ఈగకు ఆశ్రయం బాగా తగ్గుతుంది. అద్దెకు తెచ్చిన చంద్రికలను గదిలోకి చేర్చకముందు వాకిట్లో దులిపి, ఎండబెట్టి, శుద్ధిచేయాలి. మార్కెట్టు నుంచి తిరిగి వచ్చిన ఖాళీ సంచులలో దారిలో రాలిన ఈగపురుగులు ఉండే అవకాశం ఉన్నందున, వాటిని పెంపకపు గదిలో దాచక, తిరగవేసి మరిగే నీటిలో ముంచి ఎండలో ఆరవేయాలి.