మనం పీల్చే గాలి ఎక్కడిది?

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ఆక్సిజన్, మిగిలిన ఒక పాలులో ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ మొదలైనవి ఉన్నాయని బడిలో చెబుతాం. పిల్లలు కంఠతా పడతారు. అయితే ఈ లెక్క మొదటి నుంచీ ఇలా లేదని, ఇప్పటికీ మారుతూనే ఉందని కూడా వాళ్లకు చెప్పాలి.

భూమి పుట్టి సుమారు 454 కోట్ల సంవత్సరాలైంది. తొలినాళ్లలో దాని చుట్టూ ఉన్న హైడ్రోజన్, హీలియం చాలా తేలికైనవి కనుక అంతరిక్షంలోకి జారిపోయాయి. తరువాత అగ్నిపర్వతాలు వెలువరించిన నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, నత్రజని భూమిని కప్పాయి. భూమి చల్లబడగా ఆవిరి వానై కురిసి సముద్రాలు ఏర్పడ్డాయి. కార్బన్ డయాక్సైడ్‌లో చాలా భాగం ఆ నీటిలో కరిగి, కాల్షియంతో కలిసి, కాలక్రమంలో సున్నపురాయిగా మారింది.

మన ఇళ్లలో పరిచే కడప బండ, తాండూరు నాపరాయి ఆ జాతివే. నాపరాయి పొడి మీద నిమ్మరసం పిండితే బుడగలు వస్తాయి. అది ఒకనాటి గాలిలోంచి రాతిలోకి చేరిన కార్బన్ డయాక్సైడే. శుక్రగ్రహం మీద ఈ వాయువు ఇలా రాతిలో దాగక గాలిలోనే ఉండిపోయింది. అందుకే అక్కడ నేల వేడి సుమారు 460 డిగ్రీలు.

ఇక ఆక్సిజన్ సంగతి. సముద్రంలోని సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు ఎండను వాడుకుని ఆహారం తయారుచేసుకుంటూ ఆక్సిజన్ వదిలాయి. చాలాకాలం సముద్రంలోని ఇనుమే దానిని పట్టేసుకుంది. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట గాని అది గాలిలో నిలవలేదు. అలాంటి జీవులు పొరలు పొరలుగా కట్టిన స్ట్రొమటొలైట్లు కడప జిల్లా వేంపల్లె ప్రాంతపు పాత రాళ్లలో నేటికీ కనిపిస్తాయి. ఆక్సిజన్ నుంచే ఓజోన్ పొర ఏర్పడి, నేల మీద జీవులు బతకడానికి వీలు కలిగింది.

తరువాత అడవులు పెరిగాయి. నేలలో పూడిపోయిన చెట్లు బొగ్గయ్యాయి. సింగరేణి బొగ్గు వయసు 25 కోట్ల ఏళ్లకు పైమాటే. ప్రకృతి ఇంత నెమ్మదిగా దాచిన కార్బన్‌ను మనం బొగ్గు, పెట్రోలు మండించి, సిమెంటు కోసం సున్నపురాయిని కాల్చి, రెండు మూడు వందల ఏళ్లలోనే తిరిగి గాలిలోకి వదులుతున్నాం. పరిశ్రమలు రాకముందు గాలిలో ప్రతి 10 లక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లు ఉన్న కార్బన్ డయాక్సైడ్, 1958లో హవాయిలో చార్లెస్ కీలింగ్ కొలవడం మొదలుపెట్టినప్పుడు దాదాపు 315. ఇప్పుడు 420 దాటింది. పాలు చిన్నదే గాని, భూమి వేడిని పట్టి ఉంచేది అదే. ఎండలు ముదరడానికి, వానలు గతి తప్పడానికి దీనితో సంబంధం ఉంది.

చేతులెత్తేయవలసిన పని లేదు. అంటార్కిటికా మీద ఓజోన్ పొర పలచబడిందని 1985లో తెలిసింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. దేశాలన్నీ కలిసి ఆ హానికర రసాయనాలను తగ్గించాయి. ఆ పొర మెల్లగా కోలుకుంటోంది. మనుషులు పాడుచేసిన గాలిని మనుషులే బాగుచేయగలరనడానికి ఇదే రుజువు. కరెంటు, పెట్రోలు వృథా చేయకపోవడం, ఉన్న చెట్లను కాపాడడం, కొత్త భవనం కట్టేటప్పుడు పైకప్పు మీద సౌరపలకలకు చోటు ఉంచడం మన చేతిలోని పనులు. కోట్ల ఏళ్లు పట్టి సమకూరిన ఈ గాలిని మన తరువాతివాళ్లూ పీల్చాలి కదా!