కత్తెర కన్నా ముందు పోగు



మనవరాలా, కుట్టు మిషను కొనిపెట్టమని రాశావు. కొందాం గానీ, ముందు కొన్నాళ్లు గుడ్డతోనే గడుపు. మన శ్రీశైలంలో శివరాత్రి నాటి రాత్రి జరిగే పాగాలంకరణనే చూడు. చీరాల వైపు దేవాంగులు రోజుకొక మూర చొప్పున ఏడాదంతా నేసిన పాగాను, దీపాలార్పిన చీకట్లో మల్లన్న విమాన గోపురానికీ ముఖమండపం మీది నందులకూ చుడతారు. 365 మూరలంటే దాదాపు 180 గజాలు. అంత గుడ్డా చుట్టడమే, కుట్టడం లేదు. చుట్టే బట్టకు మూర కొలత చాలు. మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా ఎవరి మూర వాళ్లది. మిగిలితే ఇంకో చుట్టు తిప్పుతారు. రవికకు ఆ వెసులుబాటు లేదు. చంక దగ్గర అరంగుళం తగ్గిందంటే చెయ్యి పైకి లేవదు. చుట్టిన బట్ట ఒంటి మీదికి వచ్చాక సర్దుకుంటుంది, కుట్టే బట్ట మాత్రం కత్తెర పడకముందే ఒంటిని ఎరిగి ఉండాలి.

మరి కుట్టని పాగాకూ నా కుట్టుకూ ఏం సంబంధమంటావేమో. రెండూ పడుగూ పేకలే, అంటే నిలువు పోగులూ అడ్డపోగులే కదా! గజం నూలు గుడ్డ తెచ్చి నానబెట్టి ఆరెయ్యి, ముడుచుకునేదేదో ముందే ముడుచుకుంటుంది. అంచు దగ్గర చిన్న గాటు పెట్టి అడ్డపోగు ఒకటి పట్టి మెల్లగా లాగు. గుడ్డ ముడతలు పడుతూ, పోగు వచ్చేసిన చోట సన్నని గీత తేలుతుంది. అదే నీ సరళరేఖ, స్కేలు కన్నా నమ్మకమైంది. ఇక అంచు వెంబడి లాగు, గుడ్డ సాగదు. మూల నుంచి మూలకు ఏటవాలుగా లాగితే సాగుతుంది. క్రాస్ కటింగ్ రవిక ఒంటికి అతుక్కోవడానికీ, మెడ పట్టీని క్రాసుగా కత్తిరించడానికీ కారణం ఇదే. ఇది చేతికి తెలియకుండా కత్తిరిస్తే ఒక ఉతుకులో లంగా మెలి తిరుగుతుంది. ఆ తప్పును ఎంత మంచి మిషనూ దిద్దలేదు.

తొక్కకుండా మిషను ఎట్లా వస్తుందంటావా, ఒప్పుకుంటాను. మిషను వచ్చాక దారం ఎక్కించకుండా, గీతలు గీసిన కాగితం మీద రోజూ కాసేపు తొక్కు. సూది బెజ్జాలు గీత మీదే పడేదాకా గుడ్డ పెట్టొద్దు. రెడీమేడ్ చవగ్గా దొరుకుతుంటే ఇదంతా ఎందుకనేవాళ్లూ ఉంటారు. వాళ్ల మాటలోనూ నిజముంది, చొక్కాకైతే సరే. రవికలు మాత్రం రెడీమేడ్‌వి కొన్నా టైలరు దగ్గరికి పోక తప్పడం లేదు, ఒకే సైజువాళ్లకు భుజాలు ఒకే తీరుగా ఉండవు గనుక.

మొదట లంగా కుట్టు, దాదాపు అన్నీ తిన్నని కుట్లే. రవిక జోలికి పోయే ముందు మీ అమ్మ పాత రవిక ఒకదాని కుట్లు విప్పు. ముక్కలు ఇస్త్రీ చేసి నేల మీద పరుచు. ముందు ముక్కలో పడుగు ఎటు పోతోందో, కుట్టుకు లోపల ఎంత గుడ్డ వదిలారో చూసి నాకు రాయి.