శరత్కాలమున ఇల్లు, పెరడు

మన సంవత్సరమునందు ఋతువులు ఆరు. అందు ఆశ్వయుజ, కార్తీక మాసములు శరదృతువు. వానలు వెనుదీయును. చెఱువులు నిండియుండును. ఏటినీటిలోని బురద అడుగునకు దిగి నీరు తేటపడును. ఆకాశమున తెల్లని మబ్బులు దూదిపింజల వలె తేలిపోవుచుండును. రాత్రులందు వెన్నెల పిండి ఆరబోసినట్లుండును. అందుచేతనే కవులకు ఈ ఋతువనిన మిక్కిలి ప్రీతి.

కాని ఇల్లు దిద్దుకొను గృహిణి కంటికి శరత్తు మఱియొక విధముగా కనబడును. ఆమె చూపు చంద్రునిపై గాక గోడపై నిలుచును. గోడ మొదట చెమ్మ పాకి సున్నము పెచ్చులుగా ఊడియుండును. పెట్టెలోని బట్టలకు బూజువాసన పట్టియుండును. పెరటిలో మోకాలెత్తు గడ్డి పెరిగియుండును. వాన చేసిన నష్టము వాన వెలిసిన తరువాతనే కంటబడును. దానిని సరిదిద్దుకొనుటకు గల వ్యవధి స్వల్పము. నైరృతి వానలు ముగియుచుండగనే సముద్రతీరమున తుపానుల కాలమును, పొలములందు వరికోతల కాలమును సమీపించుచుండును.

ఈ స్వల్పకాలములోనే మనకు పండుగలు వరుసగా వచ్చును. వానిని పరిశీలించి చూచినచో ప్రతి పండుగయు ఒక ఇంటిపనికి గడువు వలె ఉన్నట్లు తెలియును. పండుగ జరిపి పనిని విడిచినచో సంబరము ఒకనాటితో ముగియును. నష్టము ఏడాది పొడుగునను వెంటాడును.

మొదట దసరా వచ్చును. నవరాత్రులలో మూలా నక్షత్రమునాడు సరస్వతీపూజ చేసి పుస్తకములను పీటపై నుంచుదురు. మహానవమినాడు ఆయుధపూజ చేయుదురు. రైతు నాగలిని, వడ్రంగి ఉలిని, దర్జీ కుట్టుమిషనును, డ్రైవరు తన బండిని పూజింతురు. పుస్తకము వానకాలమున చెమ్మను పీల్చుకొనును. చెమ్మగిల్లిన కాగితమునకు బూజు పట్టును, పురుగు చేరును. కావున పూజలో నుంచుటకు ముందు ప్రతి పుస్తకమును తెఱచి, దుమ్ము దులిపి, నీడలో గాలి తగులునట్లు ఆరబెట్టవలెను. ఇనుప పనిముట్ల సంగతియు ఇట్టిదే. ఇనుము గాలికిని తేమకును లోబడి త్రుప్పు పట్టును. గడ్డపారను, కొడవలిని ఇటుకపొడితో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, పలుచగా నూనె పూసినచో మఱియొక ఏడాది మన్నును. పసుపు కుంకుమలు పెట్టుటకు ముందు త్రుప్పు వదలించుటయే ఆ పూజలో మొదటి భాగము.

విజయదశమి మొదలు దీపావళి అమావాస్య వఱకు సుమారు ఇరువది దినములు. గోడలకును, ఇంటి కప్పునకును ఇది తగిన సమయము. నేడు పెక్కు ఇండ్లకు రంగులు వేయుచున్నను, సున్నము వేయు ఇండ్లు పల్లెలలో ఇంకను కలవు. కాల్చిన సున్నపురాయిని నీటిలో వేయగనే అది సలసల కాగి పొంగును. ఆ సమయమున పిల్లలు దగ్గఱ నిలువరాదు. సున్నము కంటబడినచో చూపునకే ముప్పు. అట్లు జరిగిన యెడల వెంటనే ధారాళముగా మంచినీటితో కన్ను కడిగి వైద్యుని యొద్దకు కొనిపోవలెను. గోడకు పూసిన సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి క్రమముగా మరల రాయివలె గట్టిపడును. దానికి గల క్షారగుణము వలన బూజు సులభముగా పెరుగదు. ఐనను చెమ్మ ఎక్కడినుండి వచ్చుచున్నదో కనుగొనక పైపైన సున్నము వేయుట పుండు మీద పట్టుబట్ట కప్పుట వంటిది.

చెమ్మకు మూలము తఱచుగా కప్పుపై నుండును. డాబా మీది తూములకు ఆకులడ్డుపడి నీరు నిలుచును. పక్షులు విడిచిన గింజలు పిట్టగోడ పగుళ్లలో పడి రావిమొక్కలై మొలచును. ఆ మొలకను నేడు రెండు వ్రేళ్లతో పెఱికివేయవచ్చును. కొన్ని ఏండ్లు ఊరకున్నచో దాని వేళ్లు గోడను చీల్చును. పెంకుటింటిలో ఒక్క పెంకు జారినను ఆ సందున దిగిన నీరు దూలమును పుచ్చిపోజేయును.

సముద్రతీర జిల్లాలకు ఈ పని మఱింత ముఖ్యము. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన తుపాను, ఉప్పెన దివిసీమను ముంచివేసి వేలాది ప్రాణములను బలిగొన్నవి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమున అసంఖ్యాకముగా చెట్లను కూల్చినది. ఈ రెండును శరత్కాలమున వచ్చినవే. ఇంటి మరమ్మతు ఉప్పెనను ఆపజాలదు. అట్టి వేళ అధికారులు హెచ్చరించిన వెంటనే ఇల్లు విడిచి సురక్షిత స్థలమునకు చేరవలెను. కాని వదులైన రేకును బిగించుట, ఇంటిపైకి వంగిన ఎండుకొమ్మను కొట్టివేయుట, ముఖ్యమైన కాగితములను నీరు చొరని సంచిలో భద్రపఱచుట మున్ముందుగా చేయదగిన పనులు. గాలి మొదలైన పిదప వీనిలో ఒక్కటియు సాధ్యము కాదు.

ఇక వంటయిల్లు. తెలంగాణమున భాద్రపద అమావాస్య మొదలు తొమ్మిది దినములు బతుకమ్మ పండుగ జరుగును. తంగేడు, గునుగు, బంతి పూలు పేర్చి ఆడపడుచులు పాడుచు ఆడుదురు. రొట్టెలు కాల్చి, నలిపి, బెల్లము కలిపి మలీద ముద్దలు చేయుదురు. ఆంధ్ర దేశమున ఆశ్వయుజ బహుళ తదియనాడు అట్లతద్ది. ఆడపిల్లలు తెల్లవారక మునుపే లేచి చద్దియన్నము తిని ఉయ్యాలలూగుదురు. చంద్రోదయమైన పిమ్మట గౌరీదేవికి అట్లు నివేదించి ముత్తయిదువలకు వాయనమిత్తురు.

అట్టు పోయుట చూచుటకు సులభమే గాని దానియందును ఓర్పు కలదు. ఒక పాలు మినపపప్పునకు రెండు మూడు పాళ్లు బియ్యము చేర్చి నానబెట్టి, మెత్తగా రుబ్బి, రాత్రి పులియనిత్తురు. గాలిలో చల్లదనము పెరిగినకొలది పిండి పులియుటకు ఎక్కువ కాలము పట్టును. పెనముపై నీటిచుక్క చల్లినపుడు అది చిటపటలాడి ఆవిరి కావలెను. సగము కోసిన ఉల్లిపాయను నూనెలో అద్ది పెనమును రాచి, పిండిని నడుమ పోసి గరిటెతో గుండ్రముగా తిప్పుదురు. అంచులు లేచిన పిదప అట్లకాడతో తీయుదురు. మొదటి అట్టు పెనమునకు అంటుకొనుట సామాన్యము. దానికి విసుగుకొనరాదు. పెనము దారికి వచ్చువఱకు ఒకటి రెండు అట్లు చెడును.

అట్లకు పప్పు, బియ్యము తీయునపుడే డబ్బాలన్నిటిని చూచుకొనవలెను. పురుగు పట్టిన పాతపిండిపై కొత్తపిండిని పోసినచో కొత్తదియు చెడును. డబ్బాను కడిగి, ఎండబెట్టి, పూర్తిగా ఆరిన తరువాతనే నింపవలెను. బూజుపట్టిన వేరుసెనగలను కడిగి వాడుకొందమనుకొనుట పొరపాటు. కొన్ని బూజులు విషమును పుట్టించును. ఆ విషము వండినను పూర్తిగా పోదు. పారవేసిన దోసెడు గింజల కంటె కాలేయము విలువైనది.

తరువాత దీపావళి. ఒక వీథిలో ఎదురెదురుగా రెండు ఇండ్లున్నవనుకొందము. మొదటి ఇంటివారు ముంగిట రంగులు వేయించిరి. వరుసలుగా ప్రమిదలు వెలిగించిరి. చూచినవారెల్లరు మెచ్చుకొనిరి. కాని పెరటిలో విఱిగిన కుండయు, నాలుగు కొబ్బరిచిప్పలును వాననీటితో నిండియుండెను. వానిని ఎవ్వరును చూడలేదు. రెండవ ఇంటివారు దీపములు కొద్దిగానే పెట్టిరి గాని ఇంటి చుట్టును ఎక్కడను నీరు నిలువకుండ చేసికొనిరి. కొన్ని దినములైన పిదప మొదటి ఇంటి బాలునికి తీవ్రమైన జ్వరము వచ్చెను. వైద్యుడు పరీక్షించి డెంగీ జ్వరమని చెప్పెను. మఱి నాలుగు దినములకు రెండవ ఇంటి బాలికకును అదే జ్వరము వచ్చెను. ఆ ఇంటివారు చేసిన తప్పేమి? వారు తమ పెరటిని చూచుకొనిరి. ఎదురింటివారితో ఒక్కమాట చెప్పరైరి. దోమకు ప్రహరీగోడ అడ్డుకాదు.

డెంగీని వ్యాపింపజేయు దోమ పగటివేళ కుట్టును. అది మురుగుకాలువలలో కంటె ఇంటిచుట్టు నిలిచిన తేటనీటిలోనే ఎక్కువగా గ్రుడ్లు పెట్టును. పాత టైర్లు, పూలకుండీల క్రింది పళ్లెములు, కూలరు తొట్లు, మూతలేని నీటితొట్లు దానికి నివాసములు. గ్రుడ్డు దోమగా మారుటకు సుమారు వారము పది దినములు చాలును. కావున వారమునకొక దినము నిర్ణయించుకొని పాత్రలన్నిటిని వంచివేయవలెను. ఆ గ్రుడ్లు పాత్ర అంచున అంటుకొని, నీరు లేకున్నను నెలలకొలది బ్రతికియుండును. అందుచేత నీరు పారబోసిన చాలదు. లోపలి అంచులను పీచుతో గట్టిగా తోమవలెను. ఈ పని ఒక ఇంటిది గాక వీథి యంతటిదియు కావలెను.

కార్తీకమున పెరటిపని. వానకు బిగిసిన నేలను త్రవ్వి గుల్లచేసి, చివికిన ఎరువు కలిపి పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి విత్తుకొనవచ్చును. ధనియము ఒక్కటిగా కనబడినను అందు రెండు గింజలుండును. కావున విత్తుటకు ముందు మెల్లగా నలిపి రెండు బద్దలు చేయుదురు. రాలిన ఆకులను కాల్చరాదు. గోతిలో వేసి, పైన మట్టి కప్పి, అప్పుడప్పుడు తడిపినచో అవియే ఎరువగును. తెల్లని చిన్నపూలు పూయు వయ్యారిభామ కలుపును పూత రాకమునుపే, చేతులకు తొడుగు వేసికొని, వేళ్లతో సహా పెఱికివేయవలెను. దానివలన కొందఱికి చర్మవ్యాధియు, ఉబ్బసమును కలుగును.

కార్తీకమున ఉసిరిచెట్టు నీడను వనభోజనములు చేయుదురు. కొత్త ఉసిరికాయలు వచ్చు కాలమును ఇదియే. వానియందు విటమిన్ సి సమృద్ధిగా నుండును. కాయలను దంచి, ఉప్పు, పసుపు చేర్చి జాడీలో ఊఱనిచ్చి, గింజలు తీసి భద్రపఱచినచో ఏడాది వఱకు నిలువయుండును. తడిగరిటె ముంచకుండుటయే దానికి గల నియమము. అది పెద్దలకు తెలిసినదే, మఱచునది పిల్లలే.

కోతలకు ముందు గాదెను ఊడ్చి, పగుళ్లు పూడ్చి, ఎండ తగులనీయవలెను. పాతగింజలు ఒక్క పిడికెడు మిగిలినను వానిలోని పురుగు కొత్తధాన్యమునకు ప్రాకును. నిలువయుంచు వడ్లలో తేమ నూటికి 14 పాళ్లకు మించరాదు. గింజను పంట కొఱికినపుడు మెత్తగా నలుగక కటుక్కున విఱుగవలెనని రైతులు గుర్తు చెప్పుదురు.

ఈ పనులన్నియు చదివినవారికి ఒక సందేహము కలుగవలెను: ఇవి యన్నియు ఎవరు చేయుదురు? పెక్కు ఇండ్లలో దీనికి సమాధానము ఒక్కటే: తల్లి. ఇల్లు ఊడ్చునదియు, పిండి రుబ్బునదియు, పెనము ముందు నిలుచునదియు ఆమెయే. అందఱును వేడిగా తిన్న పిదప చివరి అట్టు చల్లారినది ఆమెకు మిగులును. పండుగ యింటిల్లిపాదికిని వచ్చును. పని మాత్రము ఒక్కరికే వచ్చును. ఇది న్యాయము కాదు. డాబా తూము శుభ్రము చేయుటకును, తొట్టి తోముటకును, కలుపు పెఱుకుటకును పాండిత్యము అక్కఱలేదు. ఎనిమిదవ తరగతి చదువు బాలుడైనను, బాలికయైనను పెద్దలనడిగి ఈ పనులలో ఒకదానిని తనదిగా చేసికొనవచ్చును. అట్టు పోయుట ఆడపిల్లలకే గాక మగపిల్లలకును నేర్వదగిన విద్యయే.

నిర్మలమైన శరదాకాశము వంటి ఇల్లు ఒకరి కష్టముతో నిలువదు. తలకొక పని పంచుకొన్న ఇంట తల్లి కూడ వెన్నెలలో కూర్చుండి వేడి అట్టు తినగలదు. అప్పుడే ఆ యింటికి పండుగ నిజముగా వచ్చినట్లు.

ప్రశ్నలు

1. పండుగలు ఇంటిపనులకు గడువుల వంటివని ఎట్లు చెప్పగలము? రెండు ఉదాహరణములు వ్రాయుడు.
2. రెండవ ఇంటి బాలికకు జ్వరము వచ్చుటకు కారణమేమి? దానినుండి మనము గ్రహింపదగినదేమి?
3. చెమ్మకు మూలమును కనుగొనక గోడకు సున్నము వేయుట ఏల వ్యర్థము?
4. మీ ఇంటిలో శరత్కాలమున జరుగు పనుల పట్టిక వ్రాసి, ప్రతిపనికి ఎదుట అది చేయువారెవరో చూపుడు. ఆ పట్టికలో మీ పేరు ఎన్నిమారులు వచ్చినదో లెక్కించుడు.