ఇంజను మౌంటింగులు: పరీక్షించాకే మార్చాలి

ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ చదివే మన విద్యార్థుల కోసం బెంగళూరు షెడ్డు అనుభవంతో ఈ పాఠం రాస్తున్నాను.

2007లో తయారీ ఆగిన మారుతి ఎస్టీమ్ వంటి పాత కార్లలో ఇంజను, గేరుబాక్సు రబ్బరు మౌంటింగులపై నిలుస్తాయి. వేడికి, కారే ఆయిలుకు ఆ రబ్బరు చీలుతుంది.

బండి వణికిందని వెంటనే జె.సి. రోడ్డుకెళ్లి కొత్తవి కొనవద్దు. ప్లగ్గు చెడినా వణుకు వస్తుంది. ముందు పరీక్షించండి. బండికి ముందూ వెనుకా ఎవరూ ఉండకూడదు. హ్యాండ్‌బ్రేకు వేసి, ఒకరు బ్రేకు గట్టిగా తొక్కి, మొదటి గేరులోనూ రివర్సులోనూ క్లచ్ కొద్దిగా వదలాలి. మీరు పక్కనుంచి చూడండి. ఇంజను బాగా ఎగిరితే మౌంటింగు పోయినట్టే.

మార్చేటప్పుడు ఆయిలు చాంబరు కింద చెక్క పెట్టి, జాకీతో ఇంజను బరువు ఆపండి. ఒక్కొక్కటిగా విప్పండి. బోల్టులన్నీ చేత్తో ఎక్కించాకే బిగించండి. జాకీని నమ్మి ఇంజను కింద చెయ్యి పెట్టవద్దు.

కారణం తెలుసుకుని చేసిన పనికే కస్టమరు మళ్లీ వస్తాడు.