తాతయ్య అంబాసిడర్ నేర్పిన పాఠం: పాత కార్ల టూల్స్‌లో ఏవి మనమే చేసుకోవచ్చు, ఏవి కొనాల్సిందే?

ఐఫోన్ కింద ఉండే ఐదు రేకుల పెంటలోబ్ స్క్రూ మామూలు స్క్రూడ్రైవర్‌తో రాదని మనందరికీ తెలుసు. అమెరికాలో ఆపిల్ సెల్ఫ్ రిపేర్ కిట్‌ని వారానికి 49 డాలర్లకు అద్దెకిస్తే, వచ్చిన రెండు పెట్టెల బరువు దాదాపు 36 కిలోలు! ఒక ఫోన్ విప్పడానికే ఇంత సరంజామా ఉంటే, యాభై ఏళ్ళ కారుకి ఇంకెంత కావాలి?

నాకీ డౌట్ ఊరికే రాలేదు. నల్గొండలో షెడ్డులో పడి ఉన్న మా తాతయ్య 1974 మోడల్ అంబాసిడర్‌ని పోయినేడాది గచ్చిబౌలిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి తెచ్చాను. దాంతోపాటు ఒక ఖాకీ గుడ్డ సంచి వచ్చింది. అందులో తుప్పు పట్టిన పానాలు, వంగిన ఇనుప ముక్క ఒకటి, చిన్న బల్బుకి రెండు వైర్లు అతికించిన వస్తువు ఒకటి. ఆ బల్బుని నేరుగా ఈ-వేస్ట్ డబ్బాలో పడేశాను. అది ఎంత పెద్ద తప్పో కింద చెప్తాను.

పాత కార్ల టూల్స్ ఎలా అర్థం చేసుకోవాలి, ఏవి ఇంట్లో చేసుకోవచ్చు, ఏవి అస్సలు చేయకూడదు, ఈ మూడూ ఈరోజు చూద్దాం.

స్పెషల్ టూల్ అంటే ఏంటి?

అంబాసిడర్ మూలం ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. మా బండిలో ఉన్నది 1489 సీసీ బీఎంసీ బి-సిరీస్ పెట్రోల్ ఇంజన్. బీఎంసీ వర్క్‌షాప్ మాన్యువల్స్‌లో చాలా పనులకు ప్రత్యేక టూల్ నంబరు ఇస్తారు, అవి 18జి అని మొదలవుతాయి. మొదటిసారి చూసి నాకు నీరసం వచ్చింది. ఇవన్నీ ఇప్పుడెక్కడ దొరుకుతాయి?

కానీ బొమ్మలు నిదానంగా చూస్తే ఒక విషయం తెలిసింది. ఏ టూల్ అయినా నాలుగింట్లో ఏదో ఒక పని చేస్తుంది: కొలుస్తుంది, సరైన చోట నిలబెడుతుంది, లాగుతుంది, లేదా బలాన్ని పట్టి ఉంచుతుంది. నంబరు మర్చిపోయి, ఆ టూల్ పని ఏంటో, దాని మీద ఎంత బలం పడుతుందో అడగండి. ఇంట్లో చేసుకోవచ్చా లేదా అన్నది ఈ రెండో ప్రశ్నే తేలుస్తుంది.

ముందు స్పానర్ సంగతి: ఇంచీలా, మిల్లీమీటర్లా?

మన ఇళ్ళలో ఉండే స్పానర్ సెట్ మిల్లీమీటర్లది. అంబాసిడర్ పాత పెట్రోల్ ఇంజన్ బోల్టులు మాత్రం ఇంచీలవి. బోల్టు తల ఎదురెదురు అంచుల మధ్య దూరాన్ని బట్టి సైజు చెప్తారు, దీన్నే ఏఎఫ్ అంటారు. లెక్క చూడండి:

- 7/16 అంటే 11.11 మి.మీ. దీనికి 11 ఎక్కదు, 12 వదులు.
- 1/2 అంటే 12.7 మి.మీ. 13 ఎక్కుతుంది, కానీ 0.3 మి.మీ. ఆడుతుంది.
- 9/16 అంటే 14.29 మి.మీ. 14 ఎక్కదు, 15 పెడితే 0.71 మి.మీ. ఖాళీ.

అసలు ప్రమాదం "దాదాపు సరిపోయే" స్పానర్‌తోనే. తుప్పు పట్టిన 9/16 బోల్టుకి 15 పెట్టి బలంగా లాగాను. బోల్టు కదల్లేదు, దాని మూలలు అరిగి గుండ్రమైపోయాయి. రెండు నిమిషాల పని కాస్తా రెండు ఆదివారాలు తినేసింది.

ఇంకా పాత బ్రిటిష్ కార్లయితే మరో లోకం. పాతబస్తీ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం వారి 1912 రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది, ఈసారి వెళ్తే చూడండి. ఆ కాలపు బ్రిటిష్ బండ్లలో విట్‌వర్త్ రకం మరలు ఎక్కువ. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన ఈ మర కోణం 55 డిగ్రీలు, తర్వాతి అమెరికన్, మెట్రిక్ మరలది 60. పైగా విట్‌వర్త్ స్పానర్ మీద 1/4 అని ఉంటే అది బోల్టు కాడ సైజు, స్పానర్ నోటి సైజు కాదు. నోరు 13.3 మి.మీ. ఉంటుంది! రెండో ప్రపంచ యుద్ధంలో ఒక దేశం బోల్టు ఇంకో దేశం నట్టుకి పట్టక నానా తిప్పలు పడ్డారు. 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా ఉమ్మడి మరకి ఒప్పుకున్నాయి. మన అంబాసిడర్ బోల్టులు ఆ ఒప్పందం తర్వాతి తరం. యూఎస్‌బీ-సి కథ గుర్తొస్తోందా?

మీది ప్రీమియర్ పద్మిని అయితే దాని మూలం ఇటలీ ఫియట్, కాబట్టి మిల్లీమీటర్ల సెట్ చాలు. 90లలో వచ్చిన ఇసుజు ఇంజన్ అంబాసిడర్ అయితే రెండు సెట్లూ దగ్గర పెట్టుకోండి.

ఇంట్లో చేసుకోవచ్చు 1: టైమింగ్ బల్బు

ఇదే నేను పడేసిన వస్తువు. బండి స్టార్ట్ అవ్వట్లేదని తాతయ్యకి ఫోన్ చేస్తే, "సంచిలో బల్బు ఉంటది చూడరా, అది పెట్టి టైమింగ్ చూస్కో" అన్నాడు. అప్పుడు పరిగెత్తాను డబ్బా దగ్గరికి. అదృష్టం, ఇంకా ఖాళీ చేయలేదు.

పాత ఇంజన్‌లో డిస్ట్రిబ్యూటర్ లోపల కాంటాక్ట్ పాయింట్స్ ఉంటాయి. అవి విడిపోయిన క్షణంలోనే స్పార్క్ పుడుతుంది. పాయింట్స్ కలిసి ఉన్నప్పుడు ఆ టెర్మినల్ ఎర్త్‌కి కలిసి ఉంటుంది, విడిపోగానే అక్కడికి దాదాపు 12 వోల్టులు వస్తాయి. మన భాషలో సున్నా, ఒకటి. బల్బు చేసే పని లాజిక్ ప్రోబ్ పనే!

కావాల్సినవి: 12 వోల్ట్ చిన్న బల్బు, రెండు వైర్లు, రెండు క్రొకడైల్ క్లిప్పులు. వంద రూపాయల్లో అయిపోతుంది. ఎలా వాడాలంటే:

1. ముందుగా ఫీలర్ గేజ్‌తో పాయింట్స్ గ్యాప్ సెట్ చేయండి. పాత లూకాస్ డిస్ట్రిబ్యూటర్లలో మామూలుగా 0.35 నుంచి 0.40 మి.మీ. గ్యాప్ మారితే టైమింగ్ కూడా మారుతుంది, అందుకే ఇది ముందు.
2. గేర్ న్యూట్రల్‌లో పెట్టండి. కాయిల్ నుంచి వచ్చే మధ్య లావు వైరుని డిస్ట్రిబ్యూటర్ నుంచి తీసి ఎర్త్ చేయండి. స్పార్క్ ప్లగ్స్ తీసేస్తే ఇంజన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది.
3. ఒక క్లిప్ డిస్ట్రిబ్యూటర్ సన్న వైరు టెర్మినల్‌కి, రెండోది ఇంజన్ బాడీకి పెట్టండి.
4. ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజన్ తిరిగే దిశలోనే మెల్లగా తిప్పుతూ, మొదటి సిలిండర్ టైమింగ్ గుర్తు మాన్యువల్‌లో చెప్పిన డిగ్రీ దగ్గర ఆపండి.
5. డిస్ట్రిబ్యూటర్ క్లాంప్ వదులు చేసి, బాడీని రోటర్ తిరిగే వైపు కాస్త తిప్పండి, బల్బు ఆరుతుంది. ఇప్పుడు వెనక్కి మెల్లగా తిప్పండి. బల్బు వెలిగిన క్షణంలో ఆపి బిగించండి.
6. వెంటనే ఇగ్నిషన్ ఆఫ్. లేదంటే కాయిల్ వేడెక్కుతుంది.

బల్బు బదులు ఎల్ఈడీ పెడదామా అని నాకూ అనిపించింది. వద్దు. పాయింట్స్ విడిపోగానే కాయిల్ నుంచి ఒక్క క్షణం వందల వోల్టుల స్పైక్ వస్తుంది. ఎల్ఈడీ దానికి చచ్చిపోవచ్చు, పాత ఫిలమెంట్ బల్బు పట్టించుకోదు.

ఇంట్లో చేసుకోవచ్చు 2: క్లచ్ అలైన్‌మెంట్ పిన్

గేర్‌బాక్స్ దింపి కొత్త క్లచ్ ప్లేట్ వేసేటప్పుడు, ప్లేట్ మధ్య రంధ్రం, ఫ్లైవీల్ వైపున్న చిన్న బుష్ ఒకే వరసలో ఉండాలి. లేకపోతే గేర్‌బాక్స్ షాఫ్ట్ లోపలికి పోదు. పాత మెకానిక్‌లు దీనికి చీపురు కర్రకి ఇన్సులేషన్ టేప్ చుట్టి సరిపెట్టేవాళ్ళు. ఈ టూల్ మీద బలం పడదు, ప్లేట్‌ని మధ్యలో నిలబెడితే చాలు. కాబట్టి త్రీడీ ప్రింటింగ్‌కి ఇది పర్ఫెక్ట్ పని.

వెర్నియర్‌తో రెండు రంధ్రాలూ కొలిచి, 0.2 మి.మీ. తక్కువగా డిజైన్ చేసి పీఎల్ఏలో ప్రింట్ తీశాను. ఒక్క జాగ్రత్త: పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెల ఎండలో డిక్కీలో వదిలేస్తే వంకరపోతుంది.

ఆలోచించి చేయాల్సినది: పుల్లర్

క్రాంక్ పుల్లీ లాంటివి ఏళ్ళ తరబడి బిగుసుకుపోయి ఉంటాయి. సుత్తితో కొడితే విరుగుతాయి. అందుకే పుల్లర్: ఒక మందపాటి ప్లేటు, రెండు కొక్కేలు, మధ్యలో బోల్టు. బోల్టు బిగిస్తుంటే పుల్లీ బయటికి వస్తుంది. చూడ్డానికి చాలా ఈజీ.

ఇప్పుడు లెక్క వేద్దాం. 12 మి.మీ. బోల్టుని 40 న్యూటన్ మీటర్ల టార్క్‌తో బిగిస్తే, సాధారణ ఘర్షణ ప్రకారం వచ్చే బలం దాదాపు 16,700 న్యూటన్లు. అంటే 1,700 కిలోల బరువు, మొత్తం కారు కంటే ఎక్కువ! మామూలు 4.6 గ్రేడ్ బోల్టు సురక్షితంగా పట్టేది సుమారు 19,000 న్యూటన్లే. అదే సైజు 8.8 గ్రేడ్ అయితే దాదాపు 49,000. స్పానర్‌కి పైపు తొడిగి ఇంకొంచెం లాగారంటే మొదటి బోల్టు హద్దు దాటిపోతుంది.

ఈ లెక్క నాకు ముందు తెలీదు. ప్లేటుకి రంధ్రాలు వేయించుకుందామని బాలానగర్‌లో ఒక లేత్ షాపుకి వెళ్తే, అక్కడి పెద్దాయన నా బోల్టు తల తిప్పి చూసి, "తమ్మీ, దీని మీద నంబరే లేదు. గింత లోడ్ ఎట్ల పెడ్తవ్?" అన్నాడు. తల మీద 8.8 అని అచ్చు ఉన్న బోల్టు ఇచ్చి, కొక్కేలు కూడా మందంగా కోసిచ్చాడు. ఆ రోజు ఆయన అడగకపోతే, నా మొహం ఆ పుల్లర్‌కి ఎదురుగానే ఉండేది.

కాబట్టి పుల్లర్ చేస్తే గ్రేడ్ ఉన్న బోల్టే వాడండి, మరకి గ్రీజు రాయండి, కొక్కేలు పుల్లీ అంచుకి కాకుండా మధ్య హబ్‌కి పట్టించండి, కళ్ళద్దాలు పెట్టుకోండి, సూటిగా ఎదురుగా నిలబడకండి. గట్టిగా ఉంటే బలం పెంచకండి. రస్ట్ ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయండి.

అస్సలు చేయకూడనివి

- జాక్ స్టాండ్లు. జాక్ ఎత్తడానికే, కారు కింద దూరడానికి కాదు. హాలో బ్రిక్స్ ముందు చెప్పి పగలవు. లోడ్ రేటింగ్ ఉన్న స్టాండ్లు కొనండి, సెల్లార్ ర్యాంపు మీద కాకుండా చదునైన చోట పెట్టండి.
- స్ప్రింగ్ కంప్రెసర్. పద్మిని ముందు చక్రాల దగ్గర కాయిల్ స్ప్రింగులుంటాయి. నొక్కిన స్ప్రింగ్ జారితే తప్పించుకునే టైమ్ ఉండదు.
- టార్షన్ బార్ పనికి సొంత ఐడియాలు. అంబాసిడర్ ముందు భాగంలో స్ప్రింగ్ బదులు మెలితిరిగిన కడ్డీ ఉంటుంది. చూడ్డానికి మామూలు రాడ్డే, లోపల బండి బరువంత బలం దాగి ఉంటుంది. ఇది అనుభవం ఉన్న మెకానిక్‌కి వదిలేయండి.
- బ్రేక్, పెట్రోల్ లైన్లకు ప్రింట్ తీసిన ముక్కలు. నో అంటే నో.

టార్క్ రెంచ్, ఫీలర్ గేజ్, కంప్రెషన్ గేజ్ కూడా కొనేయండి. కొలిచే వస్తువే తప్పయితే మిగతా పనంతా తప్పే.

మన ఫోన్ కూడా టూలే

విప్పే ముందు ప్రతి స్టెప్ ఫొటో తీయండి. యూఎస్‌బీ ఎండోస్కోప్ కెమెరా పెడితే ప్లగ్ రంధ్రంలోంచి పిస్టన్ పైభాగం కనిపిస్తుంది. ఆర్‌పీఎం కూడా కొలవొచ్చు: నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఒక్కో చుట్టుకి రెండుసార్లు మంట పుడుతుంది. కాబట్టి ఆర్‌పీఎంని 30తో భాగిస్తే ఫ్రీక్వెన్సీ వస్తుంది. 750 ఆర్‌పీఎం అంటే 25 హెర్ట్జ్. ఆడియో స్పెక్ట్రమ్ యాప్ తెరిచి సైలెన్సర్‌కి కొంచెం దూరంగా పట్టుకోండి. మైక్ 25 దగ్గర సరిగ్గా వినకపోతే 50, 75 దగ్గర గీతలు వెతకండి.

హైదరాబాద్‌లో ఎక్కడికి వెళ్ళాలి?

ఇంచీల స్పానర్లకు సికింద్రాబాద్ రాణిగంజ్, పాత టూల్స్‌కి ఎర్రగడ్డ ఆదివారం సంత, లేత్ పనికి బాలానగర్. 1968లో కేంద్ర ప్రభుత్వం టూల్ డిజైన్ నేర్పడానికి పెట్టిన సీఐటీడీ కూడా ఆ బాలానగర్‌లోనే ఉంది. మన గచ్చిబౌలి పక్కన రాయదుర్గంలో 2023 మార్చిలో మొదలైన టీ-వర్క్స్‌లో ప్రోటోటైప్‌లు చేసే మెషీన్లున్నాయి. డిజైన్ ఫైల్ సిద్ధంగా ఉంటే వెళ్ళి కనుక్కోండి.

ఇదంతా ఎందుకు?

2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన సొంత బండిని వింటేజ్‌గా గుర్తిస్తారు. షరతు ఏంటంటే చాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలోనే ఉండాలి. ఇప్పటికే రిజిస్టర్ అయిన బండి పాత నంబరునే ఉంచుకోవచ్చు. సరైన టూల్ లేక గ్యాస్ కట్టర్‌తో కోసిన చోట ఆ అసలు రూపం తిరిగి రాదు.

మా బండి పోయిన నెల స్టార్ట్ అయింది. తాతయ్యకి ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు, వీడియో కాల్‌లో శబ్దం విని, "ఇంకొంచెం అడ్వాన్స్ ఉందిరా, వెనక్కి తిప్పు" అన్నాడు. బల్బు పెట్టి చూస్తే నిజమే!

అందుకే ఒక చిన్న రిక్వెస్ట్. మీ ఇంట్లో పాత టూల్ సంచి ఉంటే పడేయకండి. ఈ వారాంతం ఇంట్లో పెద్దవాళ్ళ ముందు దాన్ని విప్పి, ఒక్కో వస్తువు దేనికో చెప్పమని అడిగి, ఫోన్‌లో రికార్డ్ చేయండి. మాన్యువల్ ఎప్పుడైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఆ వంగిన ఇనుప ముక్క దేనికో మాత్రం వాళ్ళకే తెలుసు. మాది దేనికో నేనింకా అడగలేదు, ఈ ఆదివారం నల్గొండ వెళ్తున్నా.