గజ్జల్లో తామర: మనవడికి తాతయ్య జాబు

ఉదయగిరి

చిరంజీవి చిన్నోడికి తాతయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు పండక్కి వచ్చి వెళ్లినప్పటి నుంచీ ఒక సంగతి మనసులో మెదులుతూనే ఉంది. ఫోనులో అడిగితే పక్కన స్నేహితులుంటారు, నువ్వు సిగ్గుపడి పెట్టేస్తావు, అందుకే జాబు రాస్తున్నా. ఉన్నన్నాళ్లూ నువ్వు అరుగు మీద తిన్నగా కూర్చోలేదు, లోపలి బట్టలు తువ్వాలు కింద దాచి నీడన ఆరేశావు, తమ్ముడు నీ పక్కలోనే పడుకుంటానని మారాం చేస్తే బుజ్జగించి పంపేసి దుప్పటీ తువ్వాలూ విడిగా పెట్టుకున్నావు. ఎవరూ చెప్పకుండానే వాడికి అంటకూడదని చూసుకున్నావే, నా కడుపు నిండిపోయింది నాయనా.

నీ గూట్లో నొక్కి నొక్కి చుట్టేసిన ట్యూబు కనబడితే చదివా. కాంపౌండరుగా బతికిన కళ్లు, చదవకుండా ఉండలేవు. తామర మందుతోపాటు అందులో క్లోబెటసాల్ అనే స్టెరాయిడూ ఉంది.

గజ్జల్లో తామర అంటే బూజు జాతి, అంతే. చెడు తిరుగుళ్ల రోగమని ఎవడన్నా అంటే నమ్మబాక. నువ్వుండే చెన్నైలో ఉక్క, పొద్దుపోయేదాకా విప్పని జీన్సు, ఆరీ ఆరని బట్టలు చాలు దానికి. స్టెరాయిడు దురదను రెండ్రోజుల్లో అణిచేస్తుంది, కానీ వంటికి బూజుతో పోరాడే శక్తినీ అణిచేస్తుంది కాబట్టి అది లోలోపల పాకుతూనే ఉంటుంది. ఎండాకాలం మన కొండ మీద బోదగడ్డి అంటుకుంటే నడుమంతా నల్లగా చల్లారినా మంట అంచు వెంబడే ఎగబాకడం నా భుజాలెక్కి చూసేవాడివి, ఇదీ అంతే, మధ్యలో మానినట్టుంటుంది, ప్రాణమంతా ఆ ఎర్రటి అంచులోనే ఉంటుంది. అందుకే స్టెరాయిడు లేని పూత మందు అంచు దాటి రెండు సెంటీమీటర్ల మేర రాయాలి, మచ్చ పోయాక కూడా రెండు వారాలు రాయాలి.

స్టెరాయిడు వల్ల తొడల లోపలి చర్మం పలచబడి చారలు పడితే ఇక పోవు. 2018లోనే కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది, అయినా అడిగినవాడికల్లా ఇచ్చేస్తుంటే నాకు కడుపు మండిపోతుంది. నా రోజుల్లో తామర కొన్ని వారాల పూతకే లొంగేది. ఇప్పుడు దేశమంతా పాకింది వేరే రకం, 2020లో జపాన్ వాళ్లు దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. తామరకు వాడే టెర్బినఫిన్ చాలామందికి పనిచేయడం లేదు, డాక్టర్లు మందు మార్చి వారాల తరబడి మింగమంటున్నారు. ఇన్నాళ్లూ తగ్గలేదంటే నీ శుభ్రత తక్కువై కాదు.

ఇంకొకటి, ఇది రాయడానికి చెయ్యి రాలేదు. బారసాల నాడు నేనే కట్టిన ఆ మొలతాడు తీసెయ్ అబ్బయ్యా. స్నానం చేశాక వంటి మీద చిట్టచివర ఆరేది అదే, బూజు దాన్ని పట్టుకుని ఉంటుంది. మీ అవ్వ ఏమన్నా అంటే నా పేరు చెప్పు. పూర్తిగా నయమయ్యాక కొత్తది నేనే కడతా. బట్టలు వేడినీళ్లలో ఉతికి తిరగేసి ఎండలో ఆరెయ్, దాచబాక. గదిలో నీ స్నేహితులకూ ఉంటే అందరూ ఒక్కసారే మందు వాడాలి, లేకుంటే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

శుక్రవారం రాత్రి బండెక్కి నెల్లూరు వచ్చెయ్. నేను తొలి బస్సుకు ఆత్మకూరు మీదుగా వచ్చి పెద్దాసుపత్రి దగ్గర ఉంటా. చర్మం కాస్త గీకి సూక్ష్మదర్శినిలో చూస్తారు, నొప్పుండదు. ఆ స్టెరాయిడు ట్యూబు ఆపెయ్; ఆపిన కొత్తలో దురద రెట్టింపైనట్టుంటుంది, భయపడి మళ్లీ రాయబాక, ఆ సంగతీ డాక్టరుకు చెప్పు. లోపలికి నువ్వొక్కడివే వెళ్లు, నేను బయట బల్ల మీద కూర్చుంటా. ఆ ట్యూబు మాత్రం పారెయ్యకుండా తీసుకురా, డాక్టరు చూడాలి.

ఆశీస్సులతో,
తాతయ్య